విషము అలవాటగునా?

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో నీటి కాలుష్యమును గుఱించి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, మురికినీరు కొన్నాళ్లకు చేపలకు అలవాటు పడును గదా! ఇక దానిని శుభ్రపఱచుటకు అంత ధనము వ్యయపెట్టుట యెందులకు?” అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి, ఏలయన అది తెలివిమాలిన ప్రశ్న కాదు. మొదటిదినము పొగాకు నమలినవానికి తల తిరుగును. నెలదినములు గడచినపిమ్మట వానికే పొగాకు లేనిదే ప్రొద్దు పోదు. దేహమునకు అలవాటను గుణమొకటి కలదు. నీటిలోని ప్రాణికిని అట్లే జరుగునని ఆ బాలుడు తలచెను. అంతలో గంట మ్రోగినందున ఆ దినము సరియైన యుత్తరము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము మేము ఆతనికి బాకీపడిన ప్రత్యుత్తరము.

దీనికై మనము దూరదేశపు చేప నొకదానిని చూడవలసియున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పుతీరమున, అట్లాంటిక్ సముద్రపు పోటునీరు ఎక్కి దిగుచుండు గడ్డిబురదలలో కిలీఫిష్ అను చిన్నచేప కలదు. ఆ దేశపు ఆదిమజాతులలో నొకటియైన నరగాన్‌సెట్ వారి భాషనుండి వచ్చిన మమ్మిచాగ్ అను పేరుకూడ దీనికి కలదు. గుంపులుగా పోవునది యని దాని యర్థము. మన చెఱువులలోని పరిగెలవలెనే ఇదియు సాధారణముగా బెత్తెడు పొడవుండును. గాలము వేయువారు దీనిని ఎఱగా వాడుదురు. ఇంత యల్పమైన చేపకును ఒక గొప్ప కలదు. 1973వ సంవత్సరమున స్కైలాబ్ అను ఆకాశగృహమునకు కొనిపోబడి, భూమిని విడిచిన చేపలలో మొట్టమొదటిది యయ్యెను.

దీని సంతానక్రమము మిక్కిలి చిత్రమైనది. పౌర్ణమి అమావాస్యలనాటి పెద్దపోటున నీరు ఒడ్డున ఎంత యెత్తునకు ఎక్కునో అంతవఱకు ఈది, గడ్డిమొదళ్లలోను ఖాళీ చిప్పలలోను గ్రుడ్లు పెట్టును. నీరు దిగిపోవును. గ్రుడ్లు గాలిలోనే యుండి, మరల పెద్దపోటు వచ్చి తడిపినపుడు పగిలి పిల్లలు ఈదుకొనిపోవును. గ్రుడ్డుపొర గాజువలె నుండుటచే సూక్ష్మదర్శినితో చూచిన లోపలి పిండమునకు గుండె యేర్పడుటయు, అది కొట్టుకొనుటయు కంటికి కనబడును. శాస్త్రజ్ఞులకు ఈ చేపయం దంత మక్కువ యుండుటకు ఇది యొక కారణము. మఱియొక కారణ మేమనగా, ఇది తాను పుట్టిన కాలువను విడిచి దూరము పోదు. ఒక రేవునందలి చేపలు తరతరములుగా ఆ రేవునందే పుట్టి, అందే పెరిగి, అందే గ్రుడ్లు పెట్టును. కావున ఒక్కొక్క రేవు ఒక్కొక్క గ్రామము వంటిది; ఆ గ్రామమునకు పట్టిన కష్టము దాని జనులలోనే వ్రాయబడియుండును.

కష్టము నిజముగానే పట్టినది. మసాచుసెట్స్ రాష్ట్రములోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు పందొమ్మిదవ శతాబ్దమున తిమింగిలముల వేటకు పేరుపొందినది. 1940వ దశకము మొదలు 1970వ దశకము వఱకు అచట విద్యుత్పరికరములు చేయు కర్మాగారములనుండి పీసీబీ అను రసాయనములు రేవులో కలిసెను. ఇవి నూనెవంటివి, తేలికగా కాలవు, కుళ్లవు, చెడవు. విద్యుత్పరికరములలో వీనిని వాడుటకు ఏ గుణము కారణమో, ఆ గుణమే బురదలో చేరిన పిదప తరములకొలది వదలని పీడ యైనది. కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జిపోర్టు రేవునకును పీసీబీల బాధయే. న్యూజెర్సీలోని న్యూఅర్క్ అఖాతములో కలుపుమందుల తయారీనుండి పుట్టిన డయాక్సిన్ అను ఘోరవిషము చేరినది. దక్షిణమున వర్జీనియా రాష్ట్రములోని ఎలిజబెత్ నదీతీరమున కొయ్యకు చెదపట్టకుండ క్రియోసోట్ అను తారునూనె పట్టించు కార్ఖానాలుండెను. రైలుపట్టాల క్రింద వేయు కొయ్యదిమ్మెలకు నల్లగా పూయునది యీ నూనెయే. దానిలో పీఏహెచ్ అను తెగకు చెందిన రసాయనములు ఒకటి కాదు, రెండు కాదు, లెక్కకు మిక్కిలిగా కలసియుండును.

ఇట్టి రేవులలో చేప బ్రదుకరాదు. శుభ్రమైన తీరమునుండి కిలీఫిష్ గ్రుడ్లను తెచ్చి ఈ విషములలో కొంచెము కలిపిన నీట నుంచినచో, పిండమునందలి గుండె సరిగా మడతపడి గదులుగా నేర్పడక, సాగదీసిన దారమువలె పలుచనై, రక్తము నడువక పిల్ల చచ్చును. అయినను ఆ నాలుగు రేవులలోను కిలీఫిష్‌లు గుంపులుగా తిరుగుచున్నవి! అచటి పిండములు శుభ్రతీరపు పిండములు తాళగలిగిన విషమునకు వందలరెట్లు, కొన్నియెడల ఎనిమిదివేల రెట్ల వఱకు తాళుచున్నవి.

ఇదియే గదా మా విద్యార్థి చెప్పిన యలవాటు? కాదని యెట్లు తెలిసినదో వినుడు. అలవాటు ఒక దేహమునకు సంబంధించినది; తండ్రి పొగాకు నమలినంతమాత్రాన కుమారునికి పొగాకు తలకెక్కక మానదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు చెందిన డయాన్ నాచీ మొదలగువారు న్యూ బెడ్‌ఫర్డ్ చేపలను పట్టితెచ్చి శుభ్రమైన నీటిలో పెంచిరి. విషమును ఎఱుగని నీట పుట్టిన వాని సంతానమును పరీక్షించిరి. ఆ పిల్లలును విషమునకు తాళినవి! కావున ఆ శక్తి వాడుకచే వచ్చినది గాక, పుట్టుకతో వచ్చిన సొత్తు. ఒక చేపయైనను విషమునకు అలవాటుపడలేదు. తాళలేని చేపలు చచ్చినవి. తాళగలిగినవి మిగిలి పిల్లలను కనినవి. ఆ రేవులో నేడు మనకు కనబడు గుంపు, చచ్చినవాని సంతానము కాదు గనుకనే మనకు కనబడుచున్నది.

అయినచో, తాళగలిగిన ఆ కొన్ని చేపలు ఎచటినుండి వచ్చినవి? ఇదియే మా వ్యాసమునకు మూలస్థానము. ప్రతి ప్రాణియొక్క దేహకణములలోను డీఎన్ఏ యను పొడుగైన వ్రాత యుండును. అది నాలుగే యక్షరములు గల భాష. ఆ వ్రాతలోని వాక్యములవంటివి జన్యువులు. ఒకే జాతికి చెందిన రెండు చేపలలో వ్రాత దాదాపు ఒక్కటే యైనను, అక్కడక్కడ అక్షరభేదములుండును. తాళపత్రగ్రంథములను ప్రతి చేయునపుడు లేఖకుని చేతిలో ఒక యక్షరము మాఱుటయు, ఒక పంక్తి జారిపోవుటయు, ఒక పద్యము రెండుమాఱులు వ్రాయబడుటయు కలదు గదా, ఇదియు నట్టిదే. ఈ భేదముల మొత్తమునే జన్యు వైవిధ్యమందురు. ఇంతవఱకు కొలిచి చూచిన వెన్నెముకగల ప్రాణులలో కిలీఫిష్‌నందు ఈ వైవిధ్యము మిక్కిలి హెచ్చు, మానవులలోకంటెను హెచ్చు. ఆ గడ్డిబురదలలో దీని సంఖ్యయు అపారము. అనేక ప్రతులు, అనేక పాఠభేదములు. శుభ్రమైన నీటిలో అక్కఱకురాని ఒక పాఠభేదము ఏ మూలనో నిలిచియుండుటకు ఇంతకంటె తగిన చోటు లేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖయందలి ఆండ్రూ వైట్‌హెడ్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ నాలుగు రేవులనుండియు, వాని సమీపమునందలి నాలుగు శుభ్రస్థలములనుండియు సుమారు 400 చేపల సంపూర్ణ జన్యులేఖనమును చదివి 2016వ సంవత్సరమున ప్రకటించిరి. వారు కనుగొన్నదానిని పిల్లలకు తెలియునట్లు చెప్ప యత్నింతుము.

కణములోపల ఏహెచ్ఆర్ అను మాంసకృత్తు కలదు. దీనిని ఇంటి కావలివాడనుకొనుడు. పరాయి రసాయనము లోనికి వచ్చినపుడు వాడు దానిని పట్టుకొని, కేకవేసి, శుభ్రముచేయు పనివారిని లేపును. ఇది మంచిపనియే. కాని డయాక్సినును, కొన్ని పీసీబీలును, కొన్ని పీఏహెచ్‌లును వాని చేతికి చిక్కినపుడు వాని కేక ఆగదు. పిండము గుండెను కట్టుకొనవలసిన సమయమున ఈ కేకలచే ఇల్లంతయు తలక్రిందులగును. చంపునది విషముకంటె కావలివాని గగ్గోలేయని చెప్పినను తప్పుకాదు. విషపురేవుల చేపలలో ఈ కావలివాని జన్యువులలో కొంతభాగము జారిపోయియుండుటయో, వానికి తోడ్పడు మఱియొక జన్యువు వేఱుపాఠముగా నుండుటయో కనబడినది. కావలివాడు చెవిటివాడైనాడు, కేక లేదు, గుండె నెమ్మదిగా నేర్పడుచున్నది. విశేషమేమనగా, జారిపోయిన భాగము అన్ని రేవులలోను ఒక్కటి కాదు. ఏ రేవునకు ఆ రేవే తన పాఠభేదములలోనుండి వేఱువేఱుగా ఏరుకొన్నది. అయినను అన్నియు ఆ కావలివానియొద్దనే చేరినవి.

ఇప్పుడు అనేక విషముల సంగతి. ఏ రేవునందును విషము ఒక్కటే యుండదు. ఒక లెక్క వేయుదము; ఇది యూహకొఱకు మాత్రమే. నూఱు చేపలలో ఒకటి మొదటి విషమునకు తాళగలదనుకొనుడు. రెండవ విషమునకును నూటికి ఒకటియే తాళగలదనుకొనుడు. ఈ రెండు శక్తులును వేఱువేఱు జన్యువులవలన కలుగునవైనచో, రెంటికిని తాళగల చేప పదివేలలో ఒకటి. మూడవ విషము చేరినచో పదిలక్షలలో ఒకటి. నాలుగవది చేరినచో పదికోట్లలో ఒకటి. అంత గుంపు ఏ కాలువలో నుండును? కాని ఆ మూడు విషములును ఒకే ద్వారమున ప్రవేశించి, ఒకే కావలివానిచేత కేక వేయించునవైనచో, వానిని చెవిటిగా చేసిన ఒక్క మాఱ్పు మూటికిని చాలును. అప్పుడు నూటికి ఒకటి బ్రదుకును. ఒక గుంపు ఎన్ని విషములను తాళునో తెలిసికొనుటకు విషముల సంఖ్యను లెక్కించిన చాలదు. అవి ఎన్ని ద్వారముల వచ్చుచున్నవో చూడవలయును. విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇది వట్టి లెక్క కాదనుటకు ఎలిజబెత్ నదియే సాక్షి. క్రియోసోట్‌నందలి పీఏహెచ్‌లలో కొన్ని కావలివానితో పనిలేకయే తిన్నగా గుండెకండరమును పట్టుకొని, అది కొట్టుకొనుటకు వలయు పొటాసియము మొదలగు లవణముల రాకపోకలను చెఱచును. ఇది రెండవద్వారము. అచటి చేపలలో కావలివాని జన్యువులు మాఱుటయే గాక, గుండెలోని ఆ రాకపోకలను నడుపు జన్యువులలోకూడ ఎన్నిక జరిగిన జాడలు కనబడినవి. ఉత్తరమునందలి మూడు రేవులకు లేని యీ రెండవ పరీక్ష దక్షిణపు నదికి వచ్చినది. అచటి చేపలు రెండవ తాళపుచెవిని వెదకికొనవలసివచ్చినది.

ఎలిజబెత్ నది చేపలను మఱికొన్ని విధములుగా పరీక్షించినపుడు, అవి కొన్ని పురుగుమందులకుకూడ ఎక్కువగా తాళుచున్నట్లు తెలిసినది. ఇది అనుకొనని లాభము. ఇంతవఱకు విని మా విద్యార్థి సంతోషించును గాబోలు. కాని వెల యింకను చెప్పలేదు. శుభ్రతీరపు చేపపిల్లలకంటె ఆ నది పిల్లలు ప్రాణవాయువు తక్కువైన నీటిలో త్వరగా చచ్చును. సూర్యరశ్మి తగిలినపుడు మఱింత విషమగు పదార్థములకు అవియే ముందు లొంగును. కావలివానికి కేకవేయుటయొకటే పని కాదు. దేహములోని మఱికొన్ని పనులకును వానికిని సంబంధము కలదు. వానిని చెవిటిగా చేసినపుడు ఆ పనులును కుంటువడును. ఆ లోపమును సరిదిద్దుటకో యన్నట్లు, ప్రాణవాయువునకును ఈస్ట్రోజెన్ అను స్రావమునకును సంబంధించిన జన్యువులలోకూడ ఆ రేవులలో మాఱ్పులు కనబడినవి. మురికికాలువలలో వేసవిని ప్రాణవాయువు తగ్గుట సామాన్యము. ఒక విషమును తప్పించుకొన్న చేప, ఆ మురికియే తెచ్చు మఱియొక కష్టమునకు మెడ యొగ్గుచున్నది.

న్యూయార్కు చెంతనున్న హడ్సన్ నదిలో టామ్‌కాడ్ అను మఱియొక చేప కలదు. 1947 మొదలు 1976 వఱకు ఆ నదిలో పీసీబీలు విడువబడెను. అచటి టామ్‌కాడ్‌లలో కావలివాని జన్యువునుండి ఆఱక్షరములు జారిపోయినవని 2011వ సంవత్సరమున ప్రకటింపబడెను. హడ్సన్ చేపలలో నూటికి తొంబదితొమ్మిదింటియందు ఈ పాఠమే కలదు. సమీపమునందలి శుభ్రమైన నీళ్లలో కొన్నిచోట్ల ఈ పాఠము అరుదుగా కనబడినది, తక్కినచోట్ల లేనేలేదు. విషము దానిని పుట్టింపలేదనియు, అరుదుగా నుండినదానిని ఎన్నుకొనెననియు ఇందువలన తలచుటకు వీలగుచున్నది. మఱియొక సంగతికూడ గమనింపవలయును. ఈ చేప విషమును తాళుచున్నదే గాని దేహమునుండి పోగొట్టుటలేదు. తన క్రొవ్వులో దాచుకొని తిరుగును. దానిని తిను పెద్దచేపకు ఆ విషము పోగై చేరును. టామ్‌కాడ్ చచ్చియుండినచో విషము అచటనే యాగును. బ్రదికినందున మీదిమెట్టునకు ఎక్కుచున్నది. నదియొడ్డున గాలము వేసి కూర్చుండువానికి, చేప బలముగానున్నది గనుక నీరు మంచిదనుకొనుటకంటె ప్రమాదకరమైన తలంపు వేఱొకటి లేదు.

తనయొద్ద లేని పాఠమును ఒక జాతి పరుల నుండి యెరువు తెచ్చుకొనుటయు కలదు. టెక్సాస్‌లోని హ్యూస్టన్ ఓడకాలువలో గల్ఫ్ కిలీఫిష్ అను దాయాదిజాతి నివసించును. దాని తాళుగుణమునకు ముఖ్యమైన జన్యుపాఠము అట్లాంటిక్ కిలీఫిష్‌తో కలిసి సంకరమగుటచే వచ్చినదని 2019లో తేలినది. ఆ రెండు జాతుల నివాసముల నడుమ 1,500 మైళ్ల దూరము కలదు. ఆ చిన్నచేప తనంత తాను అంతదూరము ఈదినదనుట నమ్మదగినది కాదు. మనుష్యుల మూలమున, బహుశః ఓడల అడుగున నింపు నీటితో, వచ్చియుండవచ్చునని యూహించిరి. విషము పోసినది మనుష్యుడే. తెలియకయే మందును మోసినదియు మనుష్యుడే.

అన్ని ప్రాణులకును ఇట్టి యదృష్టము లేదు. కిలీఫిష్ ఏటికి వందలకొలది గ్రుడ్లు పెట్టును, ఒకటి రెండేండ్లలోనే యెదుగును. నూటికి తొంబదితొమ్మిది చచ్చినను మిగిలినది కాలువను నింపగలదు. మన దేశపు రాబందును చూడుడు. ఏడాదికి ఒకే గ్రుడ్డు; పిల్ల పెద్దదై గూడు కట్టుటకు దాదాపు అయిదేండ్లు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసముతో రాబందు కడుపున చేరి మూత్రపిండములను చెఱచి చంపుచున్నదని 2004వ సంవత్సరమున తేలినది. నూఱు కళేబరములలో ఒకదానికంటె తక్కువదానియందు మందు చాలినంత యున్నను రాబందుల గుంపు నశించుటకు అదియే చాలునని లెక్కకట్టిరి. తెల్లవీపు రాబందులు 1992కును 2007కును నడుమ ఈ దేశమున వేయింటికి ఒకటి మాత్రమే మిగిలినవి. తాళగలిగిన పాఠమేదో మిగిలి జాతిని నింపుటకు వానికి సంఖ్యయు లేదు, వ్యవధియు లేదు. 2006లో భారతప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. దానికి బదులుగా మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని ఆ యేటనే పరీక్షించి చూపిరి.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని మొదట ఆ బాలునికే చదివి వినిపించితిమి. అతడు చాలసేపు ఊరకుండి, తాను రాబందును ఎన్నడును చూడలేదనెను. తమ యూరి వెలుపల పశువు చచ్చినపుడు చెట్లనిండ దిగుచుండెడివని తాతగారు చెప్పగా విన్నాడట. ఆ చెట్లు మాత్రము ఇప్పటికిని ఉన్నవట.